సుద్దముక్క దించిన తరువాత

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అధికభాగం మోకాళ్ళ నొప్పులను, రాత్రి షిఫ్టుల వలన చెడిన నిద్రను, పిల్లల పరీక్షలను గురించినవే. రెండు నెలల క్రిందట అందిన ఒక ఉత్తరం మాత్రం వీటిలో దేనికీ చెందనిది. వ్రాసినవారు మన సంస్థలో పనిచేస్తున్న ఒక సీనియర్ టెక్నీషియన్. ఆయన సతీమణి సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో 17 ఏళ్ళుగా గణితం బోధిస్తున్నారు. బడి నుండి వచ్చిన తరువాత గంటసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడరనీ, ఆదివారం మధ్యాహ్నం నుండే సోమవారాన్ని తలుచుకుని తలనొప్పి తెచ్చుకుంటారనీ, ఈ మధ్య ఉద్యోగం మానివేస్తానని అంటున్నారనీ ఆయన వ్రాశారు. “రక్తపరీక్షలన్నీ చేయించాము. జబ్బేమీ లేదన్నారు. మరి ఇది ఏమిటి?” అని ఉత్తరం ముగించారు.

నాలుగు పంక్తులలో జవాబిచ్చి సరిపెట్టుదామనుకున్నాము. కొంచెం యోగాభ్యాసం, ఏదైనా ఒక కళాభిరుచి అలవాటు చేయించండని వ్రాసి కూడా పెట్టాము. అచ్చుకు పంపే ముందు ఎందుకో మనసొప్పక, ఒక ఆదివారం సాయంత్రం వారి క్వార్టర్సుకు వెళ్ళాము. వెళ్ళడమే మంచిదయింది.

“నేను వాడిని కొట్టలేదండీ.” ఆమె మాతో అన్న మొదటి మాట అది.

జరిగిన సంగతి ఇది. ఎనిమిదవ తరగతి, ఏడవ పీరియడు. గదిలో 58 మంది పిల్లలు. ముందు రోజు రాత్రి ఒంటి గంట దాకా ఆమె జవాబు పత్రాలు దిద్దారు. ఉదయం నుండి అయిదు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పారు. ఖాళీగా దొరికిన ఒక్క పీరియడూ ఏవో వివరాలు సెల్‌ఫోనులో నింపడంతో సరిపోయింది. ఒక పిల్లవాడు వరుసగా మూడవ రోజు ఇంటిపని చేయకుండా వచ్చాడు. ఆమె వాడి నోటుపుస్తకం తీసి కిటికీలోంచి బయటకు విసిరివేశారు. దానితో పాటు ఒక మాట అన్నారు. ఆ మాట ఏమిటో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. తరగతి అంతా నవ్విందట. తరువాత రెండు రోజులు ఆ పిల్లవాడు బడికి రాలేదు.

వాడి తండ్రి కూడా మన సంస్థలోనే, ఆమె భర్తతో ఒకే షిఫ్టులో ఉన్నారు. “ఆయన నన్ను ఒక్క మాటా అనలేదండీ. టీ దగ్గర మాత్రం కాస్త అవతలికి జరిగి కూర్చుంటున్నారు” అని భర్త చెప్పారు. కాలనీ జీవితం ఎరిగిన మన పాఠకులకు ఇది ఎంత బరువైన సంగతో వేరుగా చెప్పనక్కరలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని మాత్రమే నిషేధించి ఊరుకోలేదు. మానసికంగా వేధించడాన్ని కూడా అదే వాక్యంలో నిషేధించింది. ఆ సంగతి ఆమెకు మనకంటే బాగా తెలుసు. బాధ అంతా అక్కడే ఉన్నది. ఇటువంటి పని తాను చేయగలనని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఈ స్థితికి ఒక పేరున్నది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా సేవ చేసేవారు క్రమంగా సత్తువ ఉడిగి, తాము ఎవరికోసం పనిచేస్తున్నారో వారి మీదనే విసుగు చెందడం గమనించి, దానిని ‘బర్నౌట్’ అన్నాడు. నూనె అయిపోయాక వత్తి కాలడం వంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో దీనిని చేర్చింది. అయితే వ్యాధిగా కాదు, ఉద్యోగంలో పుట్టే ఒక పరిస్థితిగా. దానికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, చేసే పని మీద మనసు దూరమై విముఖత కలగడం, తన వలన ఏమీ కావడం లేదన్న భావం. రక్తపరీక్షలో ఇవి కనబడవు.

ఉపాధ్యాయులకు ఇది త్వరగా ఎందుకు సోకుతుంది? పని గంటలు లెక్కపెట్టి, వేసవి సెలవులు చూపించి, “మీకేమండీ” అనేవారు మనలో చాలామంది ఉన్నారు. మేమూ ఒకప్పుడు అన్నవారమే. యంత్రం ముందు పనిచేసేవాడు మనసులో చిరాకుపడితే యంత్రం చిన్నబుచ్చుకోదు. తరగతిలో ఆ వెసులుబాటు లేదు. ఇంట్లో ఏమి జరిగినా, ఒంట్లో ఎలా ఉన్నా, 58 జతల కళ్ళ ముందు ముఖాన్ని ప్రసన్నంగా నిలుపుకోవాలి. ఇదీ శ్రమేనని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రజ్ఞురాలు 1983లో విమాన పరిచారికల జీవితాలను పరిశీలించి వ్రాసింది. వారికి ప్రయాణం ముగియగానే ప్రయాణికులు మారిపోతారు. పంతులమ్మకు ఆ పిల్లలే మరునాడూ వస్తారు.

ఇక శరీరం సంగతి. గంటల తరబడి నిలబడడం వలన పిక్కలు, నడుము. బోర్డు మీద ఎత్తి వ్రాయడం వలన భుజం. వంగి పత్రాలు దిద్దడం వలన మెడ. అరిచి అరిచి గొంతు. ఆమె దవడ కండరాలు బిగుసుకుని ఉండడం మేము కూర్చున్న కుర్చీలోనుండే కనబడింది.

“ఇదివరకు ధ్యానానికి వెళ్ళాను” అని ఆమె అన్నారు. “కళ్ళు మూసుకుంటే ఆ పిల్లవాడి ముఖమే కనిపించింది. మానేశాను.” మేము వ్రాసిపెట్టిన నాలుగు పంక్తుల జవాబు అక్కడితో చెల్లిపోయింది. కలత చెందిన మనసును ఒక్కసారిగా కళ్ళు మూసి కూర్చోమంటే అది శాంతించకపోగా ఇంకా రేగడం కద్దు. అటువంటివారికి కళ్ళు తెరిచే ఉంచి, చేతికి ఏదో ఒక నెమ్మదైన పని ఇచ్చి, ఆ పనిమీద చూపు నిలపమనడం సుళువు. యోగానికి చిత్రకళను జోడించడంలో ఉన్న మర్మం ఇదే.

ఈ జోడింపు ఇటీవలి నగరవాసుల సరదా అని కొందరి అభిప్రాయం. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’ చదివినవారికి ఒక ఘట్టం గుర్తుండవచ్చు. అగ్నిమిత్రుడు మొదట మాళవిక చిత్రపటాన్ని చూస్తాడు. చిత్రకారుడు అందాన్ని పెంచి వేశాడేమోనని శంకిస్తాడు. తరువాత ఆమెను ఎదురుగా చూసి, పటం అసలుకు చాలలేదని గ్రహించి, దానిని వేసినవాడి సమాధి సడలిందని అనుకుంటాడు. చేతి నైపుణ్యం తక్కువైందని అనలేదు. యోగశాస్త్రంలోని సమాధి శబ్దాన్నే వాడాడు. బొమ్మ వేసేవాడికీ, ఆసనం మీద కూర్చున్నవాడికీ కావలసింది ఒకే రకపు ఏకాగ్రత అని ఆ కాలానికే తెలుసునన్నమాట.

నేటి పరిశోధనలు ఏమంటున్నవో కూడా చూడాలి. 2005లో కర్రీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థులకు మొదట ఆందోళన కలిగించి, తరువాత 20 నిమిషాలు రంగులు వేయించారు. కొందరికి గుండ్రని మండలాలు, కొందరికి గళ్ళ నమూనాలు, మిగిలినవారికి ఖాళీ కాగితం ఇచ్చారు. మండలాలకూ, గళ్ళకూ రంగు వేసినవారిలో ఆందోళన తగ్గింది. ఖాళీ కాగితం ఇచ్చినవారిలో తగ్గలేదు. 2016లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది పెద్దలచేత 45 నిమిషాలు బొమ్మలు, మట్టిపని వంటివి చేయించి, ముందూ వెనుకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచారు. సుమారు నూటికి 75 మందిలో అది తగ్గింది. పూర్వానుభవం ఉన్నవారికీ లేనివారికీ ఇందులో భేదం కనబడలేదు. ఇవి చిన్న పరిశోధనలు. రెండవదానిలో పోల్చి చూడడానికి వేరొక బృందం కూడా లేదు. వీటిని చూపించి మహత్తులు చెప్పేవారిని నమ్మనక్కరలేదు. అయితే ఖాళీ కాగితం కంటే కట్టుబాటున్న ఆకృతి ఎక్కువ ఊరట ఇచ్చిందన్న విషయం మాకు ఆసక్తి కలిగించింది. కట్టుబాటున్న ఆకృతులకు మన వాకిళ్ళలో కొదవ ఏమున్నది?

వారి వాకిట్లోనే ఒకటి ఉన్నది. ఆమె అత్తగారికి డెబ్బది దాటాయి. వేళ్ళ కణుపులు వాచి ఉన్నా, వేకువనే లేచి మెలికల ముగ్గు వేస్తారు. కోడలు 17 ఏళ్ళుగా బస్సు తప్పిపోతుందన్న తొందరలో దాన్ని దాటుకుంటూ వెళ్ళారు. మేము ముగ్గు ప్రస్తావన తేగానే ఆ పెద్దావిడ లోపలినుండి, “గీత మొదలెట్టాక మధ్యలో లేవకూడదమ్మా, లేస్తే దారి తప్పుతుంది” అన్నారు. కార్యక్రమమంతా ఆ మాట మీదనే నడిచింది.

మరుసటి శనివారం నుండి కమ్యూనిటీ హాలులో తొమ్మిది మంది ఉపాధ్యాయులతో ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టాము. అందరూ మన ఉద్యోగుల కుటుంబాలవారే, ఇద్దరు పురుషులు. యోగా నేర్పడానికి అకౌంట్సు విభాగంలో విరమణ చేసిన ఒక పెద్దాయన ఒప్పుకున్నారు. ముగ్గులకు ఆ అత్తగారు.

మొదటి పది నిమిషాలు కుర్చీలోనే. పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం స్థిరంగానూ సుఖంగానూ ఉండడమే గనుక, చీర కట్టుకుని బడినుండి నేరుగా వచ్చినవారిని శీర్షాసనం వేయమనే పని లేదు. మెడను నెమ్మదిగా నాలుగు దిక్కులకూ కదపడం, భుజాలను చెవుల దాకా ఎత్తి వదలడం, నిలబడి తాడాసనంలో పాదాల మీద బరువు సమంగా పడుతున్నదో లేదో గమనించడం. తరువాత శ్వాస. నాలుగు అంకెలు లెక్కపెట్టేవరకు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేవరకు వదలాలి, ఊపిరి బిగబట్టరాదు. గాలి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకొని, వదిలేటప్పుడు నెమ్మదించడం శరీరధర్మం. వేగస్ అనే నాడి దీనిని నడుపుతుంది. నిశ్వాసాన్ని పొడిగిస్తే ఆ నెమ్మదించే ఘడియ పొడుగవుతుంది. ఇటువంటి ప్రక్రియలను ప్రయోగశాలలో పరిశీలించే పనికి స్వామి కువలయానంద 1924లోనే లోనావ్‌లాలో కైవల్యధామం స్థాపించి శ్రీకారం చుట్టారు. చివరగా భ్రామరి. పెదవులు మూసి, పళ్ళు కలపకుండా, తుమ్మెద వలె సన్నగా ఝుమ్మనడం. బిగిసిన దవడ వదులు కావడానికి, అరిచి అలసిన గొంతుకు అరవడం తప్ప మరొక పని చూపించడానికి ఇది బాగా పనికివచ్చింది. గ్లకోమా, అధిక రక్తపోటు ఉన్నవారు తల క్రిందికి వచ్చే ఆసనాలు వైద్యుని అడగకుండా వేయరాదని ఆ పెద్దాయన ప్రతివారమూ చెబుతారు. విన్నవారికి విసుగేమో కానీ, చెప్పవలసినదే.

ఆ తరువాత పలకలు. అవును, పలకలే. కాగితం మీద మొదటి వారం వేయించి పొరపాటు చేశాము. ఉపాధ్యాయులు కదా, అయిదు నిమిషాలలో ఒకరి కాగితం ఒకరు చూసుకుని మనసులోనే మార్కులు వేసుకున్నారు. ఒకాయన స్కేలు బయటకు తీశారు. ఇద్దరు “మాకు డ్రాయింగు రాదు” అని పెన్సిలు క్రింద పెట్టేశారు. ముగ్గు సాయంత్రానికి తొక్కుళ్ళలో చెరిగిపోతుంది గనుకనే దాన్ని ఎవరూ దిద్దరని అత్తగారు అన్నారు. రెండవ వారం నుండి పలకమీద వేసి, వేయడం కాగానే తడిగుడ్డతో తుడిచివేయడం నియమం. మాటలు లేవు. ఊపిరి వదులుతూ గీత లాగాలి, పీల్చేటప్పుడు చేయి ఆగాలి. మన కాలనీలో అన్ని రాష్ట్రాలవారూ ఉన్నందున ముగ్గుతో పాటు తమిళుల కోలం, బెంగాలీల ఆల్పనా, మిథిల ప్రాంతపు అరిపన్ కూడా పలకల మీదికి వచ్చాయి. చివరి అయిదు నిమిషాలు శవాసనం. మొదటి రోజున ఒకావిడ గురక పెట్టారు. ఎవరూ లేపలేదు.

మెలికల ముగ్గులో మా గణితం టీచరుగారికి ఒక విశేషం దొరికింది. చుక్కలను దీర్ఘచతురస్రంగా పెట్టి, పక్కపక్క చుక్కల నడుమ ఒక్కొక్కసారి దాటుకుంటూ, అంచు రాగానే వంగి వెనుదిరిగేలా గీతను ఐమూలగా అల్లుకుంటూ పోవాలి. 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు అయితే ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి మొదలైన చోటికే చేరుతుంది. 3 వరుసలు, 3 చుక్కలు అయితే మూడు విడి గీతలు కావాలి. 4 వరుసలు, 6 చుక్కలు అయితే రెండు. ఆమె కాసేపు పలక వంక చూసి, “ఇది గ.సా.భా. కదండీ” అన్నారు. నిజమే, వరుసల సంఖ్యకూ చుక్కల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ముగ్గులలోని ఇటువంటి నియమాలను మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ 1970లలోనే కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణాలుగా మలిచారు. ఆ సాయంత్రం నియమం ప్రకారం మాట్లాడరాదని మేము గుర్తు చేయలేదు. రెండు నెలలలో ఆమె స్వయంగా ఒక సంగతి చెప్పాలని నోరు తెరవడం మేము చూడడం అదే మొదటిసారి.

ఇప్పటికి ఎనిమిది శనివారాలు గడిచాయి. తొమ్మిది మందిలో ఇద్దరు మానివేశారు. ఒకరికి సమయం కుదరలేదు, మరొకరు ఇదంతా కాలక్షేపమని నిర్మొహమాటంగా చెప్పారు. ఉన్నవారిలో నలుగురు నిద్ర మెరుగైందని అంటున్నారు. ఇంతకు మించి లెక్కలు మావద్ద లేవు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పదలిచాము. ఎనిమిదవ తరగతి దాకా పిల్లలు ఇంతమందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చట్టం నిర్దేశించింది: ప్రాథమిక స్థాయిలో 30 మందికి, ఆ పైన 35 మందికి ఒకరు. గదిలో 58 మందిని కూర్చోబెట్టి, ఆమెకు శ్వాస సరిగా తీసుకోవడం నేర్పితే, అది సగం వైద్యమే. మిగిలిన సగం యాజమాన్యాల చేతిలో, ప్రభుత్వాల చేతిలో ఉన్నది. ఈ వ్యాసం చూసి ఏ ప్రధానోపాధ్యాయుడైనా శనివారం యోగా, ముగ్గులూ తప్పనిసరి అని సర్క్యులరు తీసి, హాజరు పట్టీ పెట్టి, ఫోటోలు పంపమంటే, దయచేసి మా పేరు చెప్పవద్దు. ఆ ఫోటోలు పంపడం మరొక పని అవుతుంది.

అలాగే, వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేని మీదా ఆసక్తి నశించడం, బ్రతుకు మీద విరక్తి మాటలు రావడం వంటివి కనబడితే ముగ్గులతో కాలయాపన చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆ పిల్లవాడి సంగతి అడుగుతూ, ఈ విషయం విన్న కొందరు పాఠకులు మమ్ములను దారిలో ఆపారు. మూడవ వారం తరువాత ఆమె అదే తరగతిలో, అదే ఏడవ పీరియడులో, ఆ మాట అనడం తన తప్పని అందరి ముందూ చెప్పారట. పిల్లవాడు తల ఎత్తలేదట. పది రోజుల తరువాత బోర్డు మీద చుక్కలు పెట్టి గ.సా.భా. చెబుతున్నప్పుడు, 5 వరుసలు, 5 చుక్కలైతే ఎన్ని గీతలని వెనుక బెంచీ నుండి అడిగినవాడు వాడే. నువ్వే వేసి చూపించమన్నారు ఆమె. కొత్త నోటుపుస్తకంలో వేసుకుని మరునాడు తెచ్చాడు. అయిదూ సరిగానే వచ్చాయి, ఇంటిపని మాత్రం చేయలేదు.

రాజీనామా పత్రం ఇంకా బీరువాలోనే ఉన్నదనీ, దానిని చించమని తాను అడగలేదనీ భర్త చెప్పారు. టీ దగ్గర కూర్చునే సంగతి మేము అడగలేదు.

శనివారపు కూటమి సాయంత్రం నాలుగున్నరకు కమ్యూనిటీ హాలు మేడమీది గదిలో కొనసాగుతున్నది. రాదలచిన ఉపాధ్యాయులు, వారి కుటుంబసభ్యులు ఎవరైనా రావచ్చు. పలక, తడిగుడ్డ ఎవరివి వారే తెచ్చుకోవాలి. సుద్దముక్కలు మేమిస్తాము.